ఒక్క దెబ్బకి పిలిచారు

మా ఆయన రేకు వాయిస్తాడు. గిటారు వాయిస్తాడు, వయొలిన్ వాయిస్తాడు అంటారే, అలాగే చెబుతున్నాను, నవ్వకండి. మనిషెత్తు ఇనప రేకుని రెండు తాళ్ళతో దూలానికి వేలాడదీసి చెక్క సుత్తితో కొడతాడు. నడిమధ్య కొడితే ఉరుముతుంది. అంచుకి దగ్గరగా కొడితే ఏడుస్తుంది. కింది మూల పట్టుకుని ఊపితే ఎక్కడో లారీ గతుకుల్లో పడి పోతున్నట్టుంటుంది. ఇదీ ఒక సంగీతమేనా అని మీరు అడగబోతున్నారేమో, ఆ మాట నేను మీకంటే చాలా ముందే అడిగాను. అడగడానికి వెళ్ళే ఆయనకి పెళ్ళాన్నయ్యాను.

నేను పనిచేసేది పెద్ద లాండ్రీలో. హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రుల గౌన్లు వ్యాన్లలో వచ్చి పడుతుంటాయి. మాకూ పక్క షెడ్డుకీ మధ్య ఒకటే గోడ. ఆ షెడ్డులో డక్టులు చేస్తారు, అంటే పెద్ద భవనాల్లో కప్పు కింద చల్లగాలి పోవడానికి పెట్టే రేకు గొట్టాలు. పగలంతా రేకులు కోసే చప్పుడు, వంచే చప్పుడు. పనన్నాక తప్పదు, సరే. కానీ సాయంత్రం వాళ్ళ పని ముగిశాక అసలు మోత మొదలయ్యేది. గోడకి ఆనించిన ఇస్త్రీ బల్లలు వణికేవి. ఒకరోజు ఓపిక నశించి, తడి చేతులతోనే వెళ్ళి వాళ్ళ తలుపు బాదాను. ఎవరికీ వినపడలేదు. లోపలికి పోయి నిలబడి అరిచాను. అదీ వినపడలేదు. పాట అయ్యాక ఒక పొడుగాటి మనిషి నా వైపు తిరిగి, "బాగుందా అండీ?" అని ఎంతో ఆశగా అడిగాడు. తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో తెలియదు. గొడవ పెట్టుకోవడానికి వెళ్ళి పెళ్ళి చేసుకుని వచ్చావే అని మా అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

అప్పట్లో వాళ్ళు ముగ్గురు. షెడ్డులో మా ఆయన్ని మేస్త్రి అంటారు, రేకు పని అంతా ఆయన చేతిమీదే నడుస్తుంది. పాడేది ఆయన చెల్లెలు, నా ఆడపడుచు. ఫ్యాక్టరీ కూత పెట్టినట్టు పాడుతుందని ఆమెకి సైరను అని పేరొచ్చింది. మూడోవాడు షెడ్డులో కరెంటు పని చేసే వైర్లాయన. ఆయన గిటారుకి ఏవేవో తగిలించి, దాన్ని గ్రైండరులా అరిపించేవాడు. తర్వాత సైరనునే పెళ్ళి చేసుకున్నాడు, అలా నాకు అన్నయ్య వరస అయ్యాడు. బ్యాండుకి ‘తుప్పు’ అని పేరు పెట్టుకున్నారు, లోకంలో ఇంకో పేరే దొరకనట్టు. షెడ్డు ఓనరుకి ఒక చెవి వినపడదు, రెండోదానితో వినే ఉద్దేశం లేదు, కాబట్టి నడిచిపోయింది. అది ఇండస్ట్రియల్ రాక్ అని ఆ తర్వాత ఎవరో పేపరులో రాస్తే తెలిసింది. అంతదాకా మేం దాన్ని మోత అనే పిలుచుకున్నాం.

వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. ఎక్కడైనా ముందు శ్రుతి చూసుకుని, దానికి తగ్గట్టు వాయిద్యాలు సరిచేసుకుంటారు కదా. రేకుని ఎవరు సరిచేస్తారు? అందుకని వీళ్ళది తిరగబడిన వ్యవహారం. షెడ్డులో ఆ రోజు మిగిలిన రేకు ఏదైతే అది వేలాడదీసేవాళ్ళు. మా ఆయన ఒక దెబ్బ కొట్టేవాడు. అది మోగినంతసేపూ సైరను కళ్ళు మూసుకుని విని, తన గొంతుని ఆ మోత పక్కన నిలబెట్టుకునేది. గిటారు తీగలు ఆ తర్వాత బిగించుకునేవాళ్ళు. రేకు మారితే పాట మారిపోయేది. నిన్న పిచ్చికోపంగా వినపడిన పాట ఇవాళ దిగులుగా వినపడేది. అన్నయ్య ఏ రేకు తెస్తే నేను ఆ మనిషిని అనేది ఆ పిల్ల. రోజంతా ఎవరో గీసిచ్చిన కొలతలకి రేకులు కోసే మనిషికి, ఆ ఒక్క గంటా లోకమంతా తన దెబ్బ కోసం ఆగినట్టు ఉండేది. నేను దుప్పట్లు మడతపెడుతూ గోడ ఇవతలినుంచి వినేదాన్ని. మొదటి దెబ్బ వినగానే ఇవాళ ఆయన మనసెలా ఉందో చెప్పగలిగేదాన్ని.

తర్వాత పెట్టె వచ్చింది.

ఎవరూ చెడ్డపని చేయలేదు, అదే నా బాధ. ఎవరైనా చేసి ఉంటే హాయిగా నాలుగు దులిపేసేదాన్ని. బ్యాండుకి పేరొచ్చింది, వేరే ఊళ్ళకి పిలవసాగారు. రేకు బస్సులో పట్టదు, లిఫ్టులో పట్టదు, హాలు వాళ్ళు గుమ్మంలోనే అడ్డుపడేవాళ్ళు. ఈయనకేమో షిఫ్టులు. ఒకసారి రేకు దింపుతుంటే అరచెయ్యి తెగి కుట్లు పడ్డాయి. అప్పుడు వైర్లాయన ఒక ఆదివారం ఈయన్ని కూర్చోబెట్టి, రకరకాల దెబ్బలు విడివిడిగా కొట్టించి రికార్డు చేసి, రబ్బరు మీటలున్న అరచేతంత పెట్టెలోకి ఎక్కించాడు. మీట నొక్కితే మా ఆయన దెబ్బ పలుకుతుంది. "నీకు శ్రమ లేకుండా చేశాను బావా, ఇక రేకు మొయ్యక్కర్లేదు" అన్నాడు. ఈయన కూడా నవ్వాడు. వేలితో నొక్కి చూసి, "అచ్చం నేనే" అని ముచ్చటపడ్డాడు.

ఆ రోజు నుంచి మా ఆయన ప్రతి పాటలోనూ ఉన్నాడు, ఏ పాటకీ వెళ్ళలేదు. ఆల్బం అట్టమీద ‘రేకు: మేస్త్రి’ అని ప్రతిసారీ వేస్తూనే ఉన్నారు. సైరను ఎప్పుడు ఫోను చేసినా, "నువ్వు లేని పాటెక్కడుంది అన్నయ్యా" అంటూనే ఉంది. ఏమని ఫిర్యాదు చేస్తాడు? అసలే నోట్లో నాలుక లేని మనిషి. ఊళ్ళో వాళ్ళ కచేరీ జరిగితే వెళ్ళి ఆఖరి వరసలో నిలబడేవాడు. పక్కన నేనూ ఉండేదాన్ని. స్టేజీ మీద వైర్లాయన వేలితో మీట నొక్కగానే ఈయన దెబ్బ హాలంతా మోగేది. ఈయన ఉలిక్కిపడేవాడు, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు. ఆ తర్వాత ఎవరూ పిలవలేదని గుర్తొచ్చి చేతులు జేబుల్లో పెట్టుకునేవాడు. అంతా అయ్యాక స్టేజీ ఎక్కి వైర్లు చుట్టిపెట్టేవాడు. అన్నిటికంటే నిదానంగా చుట్టేవాడు.

షెడ్డులో ఇంకో పిచ్చి పట్టుకుంది. కొత్త రేకులు దిగినప్పుడల్లా ఒక్కొక్కదాన్నీ వేలి కణుపుతో తట్టి చూస్తాడు. మంచి మోత ఉన్నది దొరికితే విడిగా గోడకి ఆనించి పెడతాడు. దేనికి అంటే చెప్పడు. ఓనరు చూసి కేకలేసేదాకా అది అక్కడే ఉంటుంది, ఆ తర్వాత ఎలాగూ డక్టు అయిపోతుంది. మా లాండ్రీ కప్పు కింద అలాంటిది ఒకటుంది. నన్ను తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడల్లా ఈయన నన్ను చూసేముందు దాన్ని చూస్తాడు. "అది చాలా మంచి రేకు" అంటాడు. సవతి పోరు ఉన్నవాళ్ళని చూశాను గానీ, గాలి గొట్టంతో పోరు నాకే రాసిపెట్టి ఉంది.

"వెళ్ళి అడగొచ్చు కదయ్యా, నేనూ వచ్చి వాయిస్తానని" అని ఎన్నిసార్లు చెప్పానో. "అడగనిదే అమ్మైనా పెట్టదు."

"పనయ్యేచోట మనమెందుకు అడ్డం? పెట్టె ఉందిగా" అనేవాడు. ఆ ‘పెట్టె ఉందిగా’ అన్న మాటలో ఉన్న దిగులు వాళ్ళ పాటలన్నిట్లో కలిపినా లేదు.

తర్వాత తుప్పు వాళ్ళు పాటలు చెయ్యడమే మానేశారు. సైరనుకి గొంతులో ఏదో వాపు వచ్చి, డాక్టరు చాలాకాలం పాడొద్దన్నాడు. ఈయన చెల్లెలి కోసం బెంగపడ్డాడు. కానీ ఒక సంగతి నాకు తెలుసు, ఎవరూ వాయించని ఆ రోజుల్లో ఈయన మనసు కొంచెం నెమ్మదించింది. వాళ్ళూ ఖాళీగానే ఉన్నారు, తనూ ఖాళీగానే ఉన్నాడు. ఎవరూ ఎవరినీ వదిలేసి ముందుకి పోలేదు.

ఈ ఏడాది ఒక సాయంత్రం ఫోను మోగింది. ఈయన స్నానానికి వెళ్తే నేనే తీశాను.

"వదినా, కొత్త పాటలు చేస్తున్నాం" అంది సైరను. గొంతు కాస్త బొంగురుపోయింది గానీ ఉత్సాహం మాత్రం అదే. "చివరి పాటకి అన్నయ్య కావాలి. ఆదివారం రేకు తీసుకుని రమ్మను. మంచిది చూసి తెమ్మను."

"పెట్టె ఉందిగా?" అన్నాను. నా నోరు ఊరుకోదు.

"పెట్టెలోవి సరిపోవట్లేదు వదినా. కొత్తగా కావాలి."

తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చిన మనిషికి ఈ కబురు చెప్పాను. మొహం చేటంత అయింది. తల తుడుచుకోవడం మరిచిపోయి, నీళ్ళు కారుతూ వంటగదిలో అటూ ఇటూ తిరిగాడు. వాళ్ళు ఫోనులో పంపిన సగం తయారైన పాటని చెవిలో పెట్టుకుని వారమంతా అదే ధ్యాస. పరుపు మీద వాయించాడు, తొడ మీద వాయించాడు, అన్నం ముందు కూర్చుని కంచం అంచు మీద వాయించాడు. ఎక్కడ గట్టిగా కొట్టాలో, ఎక్కడ అంచు ఊపాలో, ఎక్కడ చెల్లెలు ఊపిరి తీసుకుంటుంటే తను ఆగాలో, మొదటినుంచి చివరిదాకా పాటంతా చేతికి ఎక్కించుకున్నాడు. షెడ్డులో భోజనాల వేళ గోడకి ఆనించి ఉంచిన రేకు తీసి వేలాడదీసి వాయించాడు. చాలా ఏళ్ళ తర్వాత నా ఇస్త్రీ బల్ల వణికింది. నేను గోడకి చెవి ఆనించి విన్నాను. ఆయన మనసు ఎలా ఉందో చెప్పడానికి మొదటి దెబ్బ చాలు. నాకు ఏడుపొచ్చింది, తోటివాళ్ళు చూస్తే ఆవిరి కళ్ళలో పడిందన్నాను.

ఆదివారం ట్రాలీ ఆటో మాట్లాడుకుని, రేకుకి పాత దుప్పట్లు చుట్టి, చెరో చివరా పట్టుకుని వెనకాల కూర్చున్నాం. గతుకొచ్చినప్పుడల్లా రేకు గుంయ్యిమనేది, ఈయన దాని వీపు తట్టేవాడు. "నన్ను కాపరానికి తెచ్చినప్పుడు కూడా ఇంత భద్రంగా తేలేదు" అన్నాను. "నువ్వు వంగిపోయే రకం కాదుగా" అన్నాడు. చాలాకాలానికి ఈయన నోట ఒక హాస్యం వచ్చింది.

వైర్లాయన ఇంటి వెనక గదినే రికార్డింగు గది చేసుకున్నారు. గోడలకి స్పాంజి, నేలమీద జంపఖానాలు, ఎటు చూసినా వైర్లు. రేకుని కొక్కాలకి వేలాడదీశాం. సైరను వచ్చి అన్నయ్యని కావలించుకుంది, రేకుని ఒకసారి వేలితో తట్టి "అబ్బ!" అంది. వైర్లాయన రేకు చుట్టూ మైకులు సర్దాడు. మా ఆయన చొక్కా చేతులు మడిచి, సుత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఆ నిలబడటం చూస్తే నాకు పాత రోజులు గుర్తొచ్చాయి.

"పాట పెట్టు బావా, మొదలెడదాం" అన్నాడు.

"పాటెందుకు బావా ఇప్పుడు?" అన్నాడు వైర్లాయన, మైకు బిగిస్తూ తలెత్తకుండానే. "ఒక్క దెబ్బ చాలు. సరిగ్గా నడిమధ్యలో. అది మోగి మోగి ఆగేదాకా ఎవరూ కదలకూడదు. మిగతాదంతా నేను తర్వాత అతికించుకుంటాను."

"ఒక్కటేనా?"

"ఒక్కటే. అరగంటలో వదిలేస్తా నిన్ను. సెలవు రోజు కదా, నీ పనులు నీకుంటాయి."

పాపం, మర్యాదకే అన్నాడు. మా ఆయన సుత్తి కిందికి దించాడు. వారం రోజులుగా చేతిలో పెట్టుకుని తిరిగిన పాటని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడ్డాడు. "ఓహో, అలాగా" అన్నాడు. అంతే. ఆ తర్వాత సుత్తి ఎత్తి కొట్టాడు.

రేకు దబ్బుమంది. తడి గోనె మీద కొట్టినట్టు.

"ఇంకోటి బావా."

రెండోది అంచుకి జారి కీచుమంది. మూడోది కొట్టాక సుత్తి వెనక్కి తియ్యకుండా రేకుకే ఆనించి ఉంచాడు, మోత అక్కడే చచ్చిపోయింది. "చెయ్యి అలవాటు తప్పింది" అన్నాడు ఈయన, నేల చూపులు చూస్తూ. వాళ్ళకి ఏమో గానీ, నాకు తెలిసిపోయింది. కొట్టేముందు ప్రతిసారీ మణికట్టు కొద్దిగా పక్కకి తిప్పుతున్నాడు. నిద్రలో కొట్టినా నడిమధ్య కొట్టే మనిషి, కావాలని పాడుచేస్తున్నాడు. ఒక్క మంచి దెబ్బ పడితే ఇంటికి పొమ్మంటారు. పడకపోతే ఉండొచ్చు.

నాకు కోపమొచ్చింది. పద, ఈ అవమానం మనకెందుకు అని చెయ్యి పట్టుకుని లాక్కుపోదామనుకున్నాను. కానీ ఈయన ఒక్కసారి నా వైపు చూశాడు. చెప్పొద్దు అన్న చూపది. కుక్కిన పేనులా స్టూలు మీద కూర్చుండిపోయాను. నేను నోరు మూసుకుని కూర్చోవడం చూడాలంటే మా అమ్మ ఆ రోజు అక్కడ ఉండాల్సింది.

పొద్దున్నంతా అలాగే సాగింది. వైర్లాయన ఓపిగ్గా "ఇంకోటి" అనడం, ఈయన ఏదో ఒకటి చెడగొట్టడం. ఇన్ని రకాలుగా తప్పు కొట్టొచ్చని నాకు ఆ రోజే తెలిసింది. ఏ తప్పూ రెండోసారి కొట్టలేదు. మధ్యాహ్నం నలుగురం ఆ జంపఖానా మీదే కూర్చుని భోంచేశాం. హాలు గుమ్మంలో రేకు ఇరుక్కుపోయి సగం జనం బయటే ఉండిపోయిన కచేరీ కబుర్లు చెప్పుకుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుకున్నారు. సైరను అన్నయ్య కంచంలో మారు వడ్డించింది. ఈయన రెండుసార్లు వడ్డించుకున్నాడు, ఇంట్లో ఒకసారికే లేచిపోయే మనిషి. తినగానే "చెయ్యి కడుక్కుని మళ్ళీ చూద్దాం బావా, ఈసారి పడుతుంది" అని తనే లేచాడు.

వెలుగు తగ్గే వేళకి సైరను దగ్గడం మొదలెట్టింది. పొద్దుటినుంచీ నిలబడే ఉంది. ఆ దగ్గు విని ఈయన మొహం మారింది. సుత్తి అటు మార్చి ఇటు మార్చి పట్టుకున్నాడు. చెల్లెల్ని చూశాడు, రేకుని చూశాడు. మణికట్టు తిప్పలేదు. సుత్తి సరిగ్గా నడిమధ్య పడింది.

ఏమని చెప్పను? నా ఎముకల్లోంచి మోగింది. ఎవరూ కదల్లేదు. అది మోగి, తగ్గి, ఇక అయిపోయిందనుకుంటే మళ్ళీ సన్నగా లేచి, చివరికి ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగింది. సైరను పెదవులు కదులుతున్నాయి, ఆ మోత పక్కన తన గొంతుని నిలబెట్టుకోవడానికి అలవాటుగా వెతుక్కుంటోంది. వైర్లాయన ఇంకోటి అనలేదు.

"రేకు ఇక్కడే ఉంచెయ్యండి" అన్నాడు మా ఆయన, సుత్తి మాత్రం సంచిలో పెట్టుకుంటూ. తిరుగు ప్రయాణంలో ఇద్దరం మామూలు బస్సులో కూర్చుని వచ్చాం. దారి పొడుగునా సుత్తి ఉన్న సంచి ఈయన ఒళ్ళోనే ఉంది.

నిన్న సాయంత్రం ఆ పాట విడుదలైంది. వినండి వినండి అని సైరను ముందురోజే చెప్పింది. వంటగదిలో బల్ల మీద ఫోను పెట్టుకుని కూర్చున్నాం. నేను కూర పొయ్యి మీద సన్నసెగన పెట్టాను.

మొదట ఏమీ లేదు. ఆ తర్వాత దబ్బుమంది, తడి గోనె మీద కొట్టినట్టు. వెంటనే అంచుకి జారిన కీచు. ఆ వెంటనే సుత్తి ఆనించి చంపేసిన మోత. నేను ఈయన మొహంలోకి చూశాను. ఆ రోజు పొద్దుటినుంచి సాయంత్రందాకా చెడగొట్టిన దెబ్బలన్నీ వరసగా వస్తున్నాయి. ఒక్కటీ పారెయ్యలేదు. కుంటివాడు నడుస్తున్నట్టు, పడుతూ లేస్తూ, ఆ తప్పులే తాళమై నడుస్తున్నాయి. దానిమీద సైరను బొంగురు గొంతు. అరవడం లేదు, ఈ మధ్యే మాటలు నేర్చుకున్నదానిలా ఒక్కొక్క మాటే పాడుతోంది. చివరికి ఆ ఒక్క నిజమైన దెబ్బ పడింది. పాట ఆగిపోయింది, అది ఒక్కటే పూర్తిగా ఆగేదాకా మోగింది. ఇంత అందమైనది తుప్పు వాళ్ళు ఎప్పుడూ చెయ్యలేదు.

"బాగుంది" అన్నాడు మా ఆయన. కాసేపయ్యాక, "చాలా బాగుంది" అన్నాడు. ఇంకాసేపయ్యాక, "ఇంతకుముందు పెట్టెలో నా మంచి దెబ్బలే ఉండేవి. ఇప్పుడు చెడ్డవి కూడా చేరాయి. ఇక నాతో పనేముంది వాళ్ళకి?" అన్నాడు.

అప్పుడే ఫోను మోగింది. "అన్నయ్యా, విన్నావా? పాటంతా నువ్వే!" అని సైరను అరుస్తోంది. జనం ఆ తాళం గురించే రాస్తున్నారట, అది ఎలా వాయించారని అడుగుతున్నారట. ఈయన "ఊ, విన్నానమ్మా, బాగుంది" అంటూ కూర్చున్నాడు. మొహం చూస్తే ఇంట్లో ఎవరో పోయినట్టుంది. ఇక నావల్ల కాలేదు. ఫోను లాక్కున్నాను.

"అమ్మాయ్, మీ అన్నయ్య ఆ రోజు కావాలని తప్పు కొట్టాడు, తెలుసా? ఒక్క దెబ్బకే పిలిచి పొమ్మంటారేమోనని, మీ దగ్గర ఇంకాసేపు ఉండాలని."

"తెలుసు వదినా" అంది ఆ పిల్ల, గొంతు తగ్గించి. "మణికట్టు తిప్పడం నాకు తెలియదా? చిన్నప్పట్నించీ చూస్తున్నా. అందుకే మా ఆయనా ఆపలేదు, నేనూ ఆపనివ్వలేదు. అన్నయ్యకి పాటంతా ఇచ్చేద్దామని అప్పుడే అనుకున్నాం. ఒక్కటీ పారెయ్యకుండా పెట్టాం వదినా. ఎన్ని రాత్రులు కూర్చున్నామో."

"ఆయనకి కావాల్సింది పాటలో ఉండటం కాదే పిచ్చిమొద్దూ. గదిలో ఉండటం. మీ పక్కన నిలబడి వాయించడం. ఇన్నేళ్ళుగా అదొక్కటే."

నేను ఫోను తిరిగి ఈయన చేతిలో పెట్టి, స్పీకరు నొక్కాను.

"అన్నయ్యా" అంది సైరను. "నిన్ను రావద్దని ఎవరన్నారు?"

"రమ్మని ఎవరన్నారమ్మా?" అన్నాడు మా ఆయన.

కోపంతో అనలేదు. దారి తెలియక అడిగినట్టు అడిగాడు. అడిగాక తనే హడలిపోయి బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. ఎప్పుడూ ఏదీ అడిగి ఎరగని మనిషి.

"నువ్వే మానేశావనుకున్నాం" అంది ఆ పిల్ల. ముక్కు ఎగబీల్చడం వినపడింది. "చెయ్యి తెగింది, షిఫ్టులు, ఇల్లు... నిన్ను ఇబ్బంది పెట్టకూడదని మా ఆయన ఆ పెట్టె చేశాడు. నువ్వు మీట నొక్కి చూసి నవ్వావు కూడా. రా అన్నయ్యా. వచ్చి వాయించు. రేకు ఇక్కడే ఉంది, దించలేదు కూడా. రేపే రా."

ఇన్నేళ్ళుగా ఆ ఒక్క మాట కోసం చెవులు రిక్కించుకుని బతికిన మహానుభావుడు, చివరికి అది చెవిలో పడ్డాక, ఏమన్నాడో తెలుసా?

"రేపు షిఫ్టుంది. ఎల్లుండి చూద్దాంలేమ్మా" అన్నాడు.

"నీ షిఫ్టు తగలెయ్య!" అని అరిచాను నేను, లాండ్రీ గోడ అవతలికి కూడా వినపడేంతగా. "ఎల్లుండీ లేదు, గిల్లుండీ లేదు. రేపే వస్తాడమ్మా. నేనే తీసుకొస్తా. రాకపోతే ఆ రేకుకి బదులు ఈయన్నే వేలాడదీసి కొట్టండి."

అవతల ఆ పిల్ల నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. ఇవతల ఈయన మాత్రం బల్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. కూర మాడిన వాసన వస్తున్నా నేను లేవలేదు.